మా ఇంటి మారియో

మా అమ్మ మారియో ఆడుతుందంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. మా మేనత్త కూడా నవ్వింది. నవ్వి ఊరుకోక నాలుగిళ్ళకూ వెళ్ళి చెప్పి వాళ్ళనీ నవ్వించి వచ్చింది. 1994 వేసవిలో కాకినాడలో మా వీధికి అదొక వింత. పొద్దున్నే మడి కట్టుకుని వంట చేసిన మనిషి, మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద కూర్చుని, చేతిలో ఆట రిమోట్టు పట్టుకుని, మీసాల మనిషి నొకణ్ణి గోడల మీంచి గంతులు వేయిస్తూంటే నవ్వు రాక ఏం చేస్తుంది?

ఆ ఆట తెచ్చింది నాన్నగారు. ఆఫీసు పని మీద మద్రాసు వెళ్ళినప్పుడల్లా బర్మా బజారు ఒక చుట్టు చుట్టి ఏదో ఒకటి కొనుక్కు రావడం ఆయనకు అలవాటు. అంతకు ముందుసారి తెచ్చిన గొడుగు విచ్చుకునేది గాని ముడుచుకునేది కాదు. ఈసారి సర్కారు ఎక్స్‌ప్రెస్సు దిగి రిక్షాలో ఒక అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకు వచ్చారు. టీవీకి తగిలించి ఆడుకునేదట. “పిల్లల కోసం” అన్నారు, అమ్మ కేసి చూడకుండా. అప్పటికి నాకు పదమూడు, తమ్ముడికి తొమ్మిది. దాంతో వచ్చిన పసుపుపచ్చ క్యాసెట్టు మీద 99,99,999 ఆటలు అని వేసి ఉంది. నాన్నగారు లెక్కల గుమాస్తా. కళ్ళజోడు పైకి తోసుకుని, “కోటికి ఒకటి తక్కువ! ఆ ఒక్కటీ ఎవడు కాజేశాడో!” అన్నారు. తీరా కూర్చుని లెక్క వేస్తే నికరంగా తేలినవి ఏడు. తక్కినవన్నీ ఆ ఏడే. పేర్లు మార్చి, మధ్యలోంచి మొదలయ్యేట్టు చేసి, తిప్పి తిప్పి వడ్డించినవి. ఆ ఏడింట్లో మొదటిది మారియో.

ఆ పెట్టె నకలు సరుకని చాలా ఏళ్ళ దాకా మాకు తెలియదు. అసలుది జపానులో క్యోటో నగరపు నింటెండో కంపెనీ వారిది. ఫామికామ్ అనే తమ యంత్రం కోసం వారు దీన్ని 1985 సెప్టెంబరు 13న విడుదల చేశారు. ఆట కల్పించినవారు షిగెరు మియమోతో, తకాషి తెజుకా. పాట కట్టింది కోజీ కొండో. మొత్తం ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు అంచెలు. అంచె చివర జెండా కొయ్య ఎక్కాలి. నాలుగో అంచెలో కోట, కోటలో రాక్షసుడు. వాణ్ణి గెలిచి లోపలికి వెళ్తే, రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది అని ఒక సేవకుడు చల్లగా చెబుతాడు. ఏడు కోటల్లోనూ ఇదే మాట. “సర్కారు ఆఫీసే” అనేవారు నాన్నగారు.

మేము బడికి పోయాక అమ్మ ఆడేదని మాకు వెంటనే తెలియలేదు. ఒకరోజు సాయంత్రం టీవీ వెనక పెట్టిన అడాప్టరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. అప్పుడు పట్టుబడింది. “మీ పెట్టె పనిచేస్తోందో లేదో చూశానంతే” అన్నది. మూడో లోకం దాకా చూసినట్టు తర్వాత ఒప్పుకున్నది.

మాది నలుపు తెలుపు టీవీ. దీనివల్ల కొన్ని చిక్కులుండేవి. ఈ ఆటలో తింటే పెద్దవాణ్ణి చేసే పుట్టగొడుగు ఒకటి, అదనంగా ఒక ప్రాణం ఇచ్చే పుట్టగొడుగు ఒకటి. రెంటికీ రూపం ఒకటే, రంగే తేడా. మాకు ఆ తేడా ఎక్కడిది? తిన్నాక గాని ఏదో తెలిసేది కాదు. కాని ఆ టీవీ వల్లే అమ్మ ఒక సంగతి కనిపెట్టింది. ఓరోజు ఆడుతూ ఆడుతూ ఆగి, “ఏమే, పైనున్న ఆ మబ్బూ కిందనున్న ఆ పొదా ఒకటే ముగ్గు కదూ?” అన్నది. నేను నమ్మలేదు. లేచి తెర మీద వేలు పెట్టి గీసి చూపించింది. నిజమే. గుండ్రాలు, వంపులు, అన్నీ అవే. మబ్బుకు తెలుపు, పొదకు ఆకుపచ్చ వేసి ఒకే బొమ్మను రెండు చోట్ల వాడుకున్నారు. ఆ క్యాసెట్టులో ఆట మొత్తానికి ఉన్న చోటు 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఫోటో ఒక్కటి దానికి నూరు రెట్లు ఉంటుంది. అంత ఇరుకింట్లో కాపురం చేసేవాళ్ళు ఒకే చెంబుతో స్నానమూ, ఆ చెంబుతోనే మొక్కలకు నీళ్ళూ కానిచ్చినట్టన్నమాట. రంగుల టీవీ ఉన్నవాళ్ళు మోసపోయారు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే మనిషి మోసపోలేదు.

నాన్నగారు ఆడేవారు కారు. పక్కన పడక్కుర్చీ వేసుకుని చూసేవారు. ఆయన పట్టుకున్న రహస్యం వేరు. జెండా కొయ్య ఎక్కాక ఒక్కొక్కప్పుడు కోట మీద బాణసంచా పేలుతుంది, ఒక్కొక్కప్పుడు పేలదు. ఎందుకో మాకు బోధపడేది కాదు, అదృష్టం అనుకునేవాళ్ళం. ఆయన ఆఫీసు నుంచి తెచ్చిన గళ్ళ పుస్తకంలో ఒక గడిలో తెర మీది గడియారం అంకె, పక్క గడిలో పేలిన చువ్వలు వేసుకుంటూ పోయారు. రెండు వారాలకు తేల్చారు. కొయ్య పట్టుకునే క్షణానికి గడియారంలో ఆఖరి అంకె 1 అయితే ఒకటి పేలుతుంది, 3 అయితే మూడు, 6 అయితే ఆరు. మరే అంకెకూ లేదు. అప్పటినుంచి అమ్మ మెట్ల మీద మారియోను నిలబెట్టి ఆగేది. గడియారం ఒక్కొక్క అంకే దిగేది. నాన్నగారు పడక్కుర్చీలోంచి, “తొమ్మిది... ఎనిమిది... దూకు!” అనేవారు. గాలిలో ఉండగా రెండంకెలు దిగి, ఆరుకు చెయ్యి కొయ్యకు తగిలేది. ఆరు చువ్వలు. మా ఇంట్లో ఆ యేడు దీపావళి వేసవిలోనే వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాన్నగారు 2023లో పోయారు.

అమ్మకు శుక్లాలు రెండు కళ్ళకూ తీయించాం. చూపు బాగానే వచ్చింది. మాటే తగ్గింది. “తిన్నావా?” అంటే “ఆఁ”, “పడుకున్నావా?” అంటే “ఆఁ”. 2024లో సంవత్సరీకానికి తమ్ముడు అమెరికా నుంచి వచ్చాడు. కర్మకాండ అయిన మర్నాడు, ఇహ అమ్మ ఎక్కడ ఉండాలన్న మాట వచ్చింది. వాడు డాలస్ తీసుకు వెళ్తానన్నాడు. నేను హైదరాబాదులో మా ఇంటికి రమ్మన్నాను. ఇద్దరం గొంతులు పెంచాం. అమ్మ లేచి వెళ్ళి పెరట్లో బట్టలు తీయడం మొదలుపెట్టింది. అవి ఇంకా ఆరలేదు.

ఆ రాత్రి వాడు పెట్టె తీసి నింటెండో స్విచ్ బయట పెట్టాడు. పలకంత యంత్రం. “అక్కా, దీంట్లో మారియోలు ఎన్ని రకాలున్నాయో! అమ్మకు ఏదో ఒకటి నచ్చకపోదు” అన్నాడు. దెబ్బలాట మానడానికి మాకూ ఏదో ఒక పని కావలసి వచ్చింది.

మొదట పెట్టింది 1993 నాటిది. సూపర్ ఫామికామ్ అనే తర్వాతి యంత్రం కోసం పాత మారియోలన్నిటినీ కొత్తగా గీసి ఒకే క్యాసెట్టులో కట్టారు; అమెరికాలో దాని పేరు సూపర్ మారియో ఆల్‌స్టార్స్. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కంటికి పండుగ. వెనకాల కొండలు, నీడలు, పాటలో నిండైన వాయిద్యాలు. ఆడినంతవరకు భద్రపరచుకోవచ్చు, కరెంటు పోతే మళ్ళీ మొదటికి రానక్కర్లేదు. తమ్ముడికి మరీ సంతోషం. పాత ఆటలో రెండోవాడైన లూయీజీ అంటే మారియో బొమ్మకే వేరే రంగు. చిన్నవాడు గనక వాడికెప్పుడూ లూయీజీయే వచ్చేది; నలుపు తెలుపులో ఆ రంగు తేడా కూడా దక్కేది కాదు. ఈ కొత్తదానిలో లూయీజీకి పొడుగు, సొంత ముఖం ఇచ్చారు. “ఇన్నాళ్ళకు నేనూ ఒక మనిషినయ్యాను” అన్నాడు.

అమ్మ పది నిమిషాలు ఆడింది. “మబ్బూ పొదా వేరైపోయాయి” అన్నది. నిజమే, మళ్ళీ గీసినప్పుడు రెంటికీ చుట్టరికం కనిపించకుండా చేశారు. తర్వాత రెండో అంచెలో నెత్తి మీది ఇటుకలు పగలగొడుతూ, “వీడి దెబ్బలో ఏదో తేడా ఉందిరా. కొడితే తగిలినట్టు లేదు” అన్నది. తమ్ముడు తెల్లబోయి నాకేసి చూశాడు. పాత ఆటలో ఇటుక పగలగానే మారియో గభాలున కిందికి వస్తాడు. తిరగరాసేటప్పుడు ఆ లెక్క ఎక్కడో పొరపాటుపడి, పగిలాక కూడా కాస్త పైకే పోతాడు. ఆట చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన లోపం అది. అమ్మకు పిడికిలికి తెలిసింది. (మారియో తలతో కొడతాడనుకుంటారు చాలామంది. కాదు, పిడికిలితోనే కొడతాడు. కావాలంటే గమనించండి.)

ఆ కట్టలోనే ఇంకొకటి ఉంది. 1986లో జపానులో ‘రెండో మారియో’గా వచ్చి, మరీ కష్టమని అమెరికాకు పంపకుండా ఆపేసినది. అందులో మొదట్లోనే విషపు పుట్టగొడుగు ఉంటుంది. అమ్మ అలవాటు చొప్పున తిన్నది, చచ్చింది. రిమోట్టు కింద పెట్టి, “పెట్టిన చేత్తోనే విషం పెడతారా, ఏం బుద్ధి?” అన్నది. దాని సంగతి అంతటితో సరి.

మరునాడు తమ్ముడు తన గేమ్ బాయ్ కలర్ తీశాడు. అమెరికాలో చదువుకునే రోజుల్లో కొనుక్కున్నదట. దానిలో 1999లో వచ్చిన మారియో డీలక్స్ ఉంది. అరచేతిలో ఇమిడే యంత్రం. ప్రయాణాల్లో వాడికి తోడు. పందేలు, పటాలు, దాచిన నాణేలు, చాలా అదనపు సరుకు పోశారు. అయితే చిక్కల్లా తెర. అసలు ఆట బొమ్మ అడ్డం 256 చుక్కలు, నిలువు 240. దీని తెర 160కి 144. మనుషుల బొమ్మలు చిన్నవి చేయకుండా చుట్టూ కత్తిరించారు. దానివల్ల ఎదురుగా వచ్చే శత్రువు మీద పడ్డాక గాని కనపడడు. పైనా కిందా ఏమున్నదో చూడాలంటే మీట నొక్కి తెరను జరపాలి. అమ్మ కాసేపు చూసి, “కిటికీలోంచి రథం చూసినట్టుంది” అని వాడికే ఇచ్చేసింది.

“అయితే అసలుదే పెడతాను” అన్నాడు వాడు. అమెరికాలో 1980ల్లో అమ్మిన ఆట, అక్షరం మార్చకుండా అదే స్విచ్‌లో ఉంది. మబ్బూ పొదా ఒకటే. ఇటుక దెబ్బ సరైనదే. మాకందరికీ ఆశ కలిగింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. పాట మొదలైంది. మొట్టమొదట ఎదురయ్యే పుట్టగొడుగు మొహం బూచి, చిన్న పిల్లవాడు కూడా దూకే బూచి, దానికి తగిలి చచ్చింది. మళ్ళీ ఆడింది. మొదటి గోతిలో పడింది. మూడోసారీ అంతే. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూసుకుంటూ, “ముసలిదాన్నయిపోయానురా” అన్నది.

తమ్ముడు కంగారుపడి, “కాదమ్మా, దీంట్లో ఒక సదుపాయం ఉంది చూడు. రెండు మీటలు కలిపి నొక్కితే కాలం వెనక్కి పోతుంది. చచ్చిపోయినవాడు మళ్ళీ లేస్తాడు” అని చేసి చూపించాడు. గోతిలో పడ్డ మారియో పైకి తేలివచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

అమ్మ అది చూసి, “ఎంత సులువు!” అన్నది. లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మేమిద్దరం హాల్లో నేరస్తుల్లా కూర్చున్నాం. చాలాసేపటికి వాడు ఏవో పాత కబుర్లు ఎత్తాడు. 1995లో వాడు రెండో అంచె చివర గోడలోంచి జారి ఏదో పేరులేని నీళ్ళ లోకంలో పడ్డాడు. ఎంత ఈదినా తరగదు, మొదటికే వస్తుంది. నేను నమ్మలేదు, వాడు ఏడ్చాడు. ఇప్పుడు తెలిసిందేమంటే అది నిజంగానే ఉందిట. క్యాసెట్టు ఆటలో అది అంతులేనిదే. జపానులో 1986లో అదే ఆట పళ్ళెం మీద వచ్చింది. అందులో మాత్రం ఆ దొంగ లోకానికి మూడు అంచెలుండి చివర ఉంది. ఆల్‌స్టార్స్‌లో గోడ పూడ్చేశారు. “ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత క్షమాపణ చెప్పుకో అక్కా” అన్నాడు. చెప్పాను.

అలా మాట్లాడుతూండగా నాకొక అనుమానం వచ్చింది. “ఒరే, ఇవాళ ఆ పాట తొందరగా వినిపించలేదూ?” అన్నాను. వాడు ఆలోచించాడు. తనకు అమెరికాలో అలవాటైపోయి తెలియలేదట. తెల్లవారి ఇద్దరం అటక ఎక్కాం. ఇత్తడి గంగాళం వెనక, నాన్నగారు తాడుతో కట్టి, పైన కాగితం మీద “టీ.వీ. ఆట – 1 నెం.” అని రాసి పెట్టిన అట్టపెట్టె దొరికింది. అద్దెకున్నవాళ్ళు వదిలిపోయిన లావు టీవీ ఒకటి వెనక గదిలో ఉంది. క్యాసెట్టులో ఉఫ్‌ మని ఊది పెడితే మూడోసారికి బొమ్మ వచ్చింది.

తమ్ముడు మొదటి అంచెలో మారియోను కదపకుండా నిలబెట్టి ఫోనులో సెకన్లు చూశాడు. గడియారం 400 నుంచి సున్నాకు రావడానికి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు పట్టింది, కాస్త అటూ ఇటూగా. స్విచ్‌లో అదే 400కు రెండు నిమిషాల నలభై సెకన్లు.

కారణం ఇది. ఈ ఆటకు లోపల వేరే గడియారం లేదు. తెర మీద బొమ్మ ఒకసారి మారితే ఒక లెక్క. అటువంటివి ఇరవై నాలుగు అయితే అంకె ఒకటి తగ్గుతుంది. పరుగూ, గంతూ, పాటా అన్నీ ఆ లెక్క మీదే. జపానులో, అమెరికాలో ఆనాటి టీవీలు సెకనుకు 60 సార్లు తెర నింపేవి. మన దేశపు టీవీలు 50 సార్లు. యూరపులోనూ 50 కావడంతో అక్కడ అమ్మినప్పుడు కంపెనీవారు వేగాలు సవరించి పంపారు. మనకు వచ్చింది కంపెనీ పంపినదా? ఎవరో నకలు తీసి, 60 కోసం రాసిన ఆటను 50 పెట్టెలో పెట్టి పంపారు. అందులో మారియో ఆరడుగులు వేయాల్సినచోట అయిదే వేస్తాడు. బూచి కూడా అంతే నెమ్మది, గంతు కూడా అంతే నెమ్మది గనక ఆటలో అన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. బయట కూర్చున్న మనిషి చెయ్యి ఒక్కటే దానికి తగ్గట్టు అలవాటు పడుతుంది.

అంటే మేము ఆడిన మారియోను మియమోతో గారు ఎన్నడూ చూసి ఉండరు. ఆయన చూస్తే, ఇది నాది కాదు అని ఉండేవారేమో కూడా. తమ్ముడు, “తప్పు వేగంతో నేర్చుకున్నాం అక్కా” అన్నాడు. నాకు కోపం వచ్చింది. తప్పేమిటి? ఆ వేగం మీదనే నాన్నగారు “తొమ్మిది, ఎనిమిది, దూకు” అనగలిగారు. స్విచ్‌లో “ఎనిమిది” అని నోరు మూసేలోగా ఏడు కూడా దిగిపోతుంది. పైకి అనలేదు, అంటే మళ్ళీ డాలస్, హైదరాబాదు మొదలవుతాయి.

పాట విని అమ్మే వచ్చింది. గుమ్మంలో నిలబడి, “నాన్నగారు కట్టిన తాడు కోసేశారా?” అన్నది. విప్పామని చెప్పాను. చాప తెచ్చుకుని కూర్చుంది. బూచిని తొక్కింది, గోతులు దాటింది, అన్నీ చేతికి గుర్తున్నాయి. మధ్యలో ఒకసారి “కాళ్ళు పట్టేశాయి, ఆ దిండు ఇలా పడెయ్యి” అన్నది. అదీ అమ్మ గొంతే, ఏడాది క్రితంది.

మెట్ల మీద మారియోను నిలబెట్టి ఆగింది. గడియారం దిగుతోంది. పడక్కుర్చీ ఖాళీగా ఉంది. తమ్ముడు దాని పక్కన నిలబడ్డాడు గాని కూర్చోలేదు. గొంతు సవరించుకుని, “తొమ్మిది... దూకమ్మా!” అన్నాడు. అమ్మ దూకింది. కొయ్య పట్టుకునేసరికి ఏడు. ఏమీ పేలలేదు.

“నీకు తొందర ఎక్కువరా” అన్నది అమ్మ. “మీ నాన్నగారు ఎనిమిది నోటినిండా అన్నాక గాని దూకనిచ్చేవారు కారు.”

రెండో అంచె అయింది. పలకలు ఎక్కి, జెండా ముందు మళ్ళీ ఆగింది. ఈసారి వాడు నోరు మెదపలేదు, నేనూ మెదపలేదు. అమ్మ పెదవులు మాత్రం కదిలాయి. దూకింది. నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. నాలుగు, అయిదు. ఆరోది పేలుతూండగా అమ్మ వెనక్కి తిరగకుండానే, “ఆ గళ్ళ పుస్తకం ఎక్కడ పెట్టావే?” అని అడిగింది.